బల్ల కింద దిమ్మ

జూన్ 3

పేటెంట్లు చూసే లాయరమ్మ ఒక పుస్తకం ఇచ్చింది. గట్టి అట్ట. పేజీలకు ముందే నంబర్లు వేసి ఉన్నాయి. "పెద్దాయనా, దిమ్మ మీద ఏ రోజు ఏ పని చేస్తే అది తేదీ వేసి ఇందులో రాయండి. కొట్టివేతలు వద్దు. పేజీ చింపొద్దు. రేపు ఎవరైనా అడిగితే మీ తరఫున మాట్లాడేది ఇదే" అంది.

ఇంటికొచ్చి రాశాను. కుర్చీ కాలికి బెజ్జం, పద్నాలుగు డిగ్రీలు, కర్ర చిట్లలేదు. అంతే.

ఇది వేరే పుస్తకం. మనవరాలి పాత నోటుబుక్కు, వెనక సగం ఖాళీ. ఎవరికీ చూపించే పని లేదు. రంపాల పెట్టె అడుగున పెడతాను. ఇందులో కొట్టివేతలు ఉంటాయి.

లాయరమ్మ ఆఫీసు మూడో అంతస్తు. అంతా అల్లుడే మాట్లాడాడు. కుర్చీ కాళ్లకి వాలు బెజ్జం వేసే ఈ దిమ్మని బల్ల మీద పెట్టి, తిప్పి, చీల దించి చూపించాడు. ఆవిడ రెండు మాటలే అడిగింది. మీకంటే ముందు దీన్ని ఎవరైనా చేశారా అని ఒకటి. దీన్ని బయట ఎవరికైనా చూపించారా, ఎక్కడైనా పెట్టారా అని ఒకటి.

అల్లుడు నవ్వాడు. "మా మావయ్య పక్కింటాయనకి ముఖం చూపించడమే గొప్పండీ, దిమ్మ చూపిస్తారా" అన్నాడు.

ఆవిడా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వేసరికి జవాబు చెప్పినట్టే అయిపోయింది.

జూన్ 4

దిమ్మ నాదే. ఇనుప పలక నా చేత్తో కోశాను. ఆకురాయి నేనే పట్టాను. చిల్లులు నేనే వేశాను.

జూన్ 6

అల్లుడు ఉద్యోగం మానేశాడు. పదహారేళ్లు చేసిన కుర్చీల ఫ్యాక్టరీ. పొద్దున కాగితం ఇచ్చి టిఫిన్ వేళకి ఇంటికొచ్చేశాడు. పనిముట్ల కంపెనీ వాళ్లతో మాట అయిపోయిందంట. పేటెంట్ వస్తే దిమ్మని వాళ్లు తయారు చేస్తారు, ఆ పనంతా అల్లుడి కింద పెడతారు. రాకపోతే లేదు. అది కాగితం మీదే ఉంది, నాకు చదివి వినిపించాడు.

"వచ్చాక మానేయొచ్చుగా" అన్నాను.

"వాళ్లు రేపట్నుంచే రమ్మంటున్నారు మావయ్యా, నమూనాలు చేయించడానికి. ఇంకా రాకపోవడమేంటి, లాయరమ్మే అంది కదా ఇలాంటిది ఎక్కడా కనపడలేదని."

అమ్మాయి కాఫీ ఇస్తూ నా చెవిలో "నాన్నా, ఆయన ఈల వేసుకుంటూ స్నానం చేయడం పెళ్లయ్యాక ఇదే మొదలు" అంది.

వాలు కాళ్ల కుర్చీకి బెజ్జం వేయడమే మా పనిలో కష్టం. నిలువు బెజ్జం ఎవడైనా వేస్తాడు. వాలులో వెంట్రుకంత తేడా వస్తే నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులు చూస్తాయి. బజార్లో దొరికే వాలు దిమ్మలకి మర బిగిస్తారు. డ్రిల్లు అదురుకి మర వదులవుతుంది, పదో కుర్చీకి వాలు మారిపోతుంది. నా దిమ్మకి మర లేదు. కింది పలకకి పది చిల్లులు, పైన తిరిగే పలకకి అదే మేరలో తొమ్మిది. పలకని కాస్త తిప్పితే ఎక్కడో ఒక జత ఎదురెదురుగా వచ్చి నిలబడుతుంది. ఆ జతలో చీల దించితే ఏనుగు తొక్కినా కదలదు.

లోకంలో వాలు దిమ్మలు బోలెడున్నాయంట. లాయరమ్మ కంప్యూటర్లో చూపించింది. ఈ పదికి తొమ్మిది లెక్క మాత్రం లేదంట. "పేటెంట్ దీనికే. మిగతా అంతా పాతదే" అంది.

పదికి తొమ్మిది.

జూన్ 7

ఊరికే అలా నడిచి లైబ్రరీకి వెళ్లాను. పేపర్లు చదివే హాల్లో గోడవారన కూర్చునే పొడుగు బల్ల ఉంది. మేం చేసిందే. ఆరు కాళ్లు, ఆరూ వాలు. పదకొండేళ్లయింది. కిర్రుమనలేదు.

కూర్చున్నాను. కింద ఏం చూడలేదు.

జూన్ 9

లైబ్రరీ.

జూన్ 10

మళ్లీ వెళ్లాను. పుస్తకాలాయన నన్ను చదువరి అనుకున్నాడు. పేపరు తెచ్చి చేతిలో పెట్టాడు. "రోజూ వస్తున్నారు, సంతోషం" అన్నాడు. గంటసేపు ఒకే పేజీ పట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న ముసలాయన ఆ పేజీ కోసం దగ్గుతూనే ఉన్నాడు.

ఆ బల్ల సంగతి రాయాలి. చిన్న సంగతే.

ఆ రోజుల్లో నేనూ తమ్ముడూ కలిసి చేసేవాళ్లం, ఒకే షెడ్డు. లైబ్రరీ కొత్తగా తెరుస్తూ బల్ల చెప్పారు. తమ్ముడు కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్నాడు. నేనొక్కణ్ణే. మర్నాడు పొద్దున బల్ల ఇవ్వాలి. మధ్య కాళ్లు రెండింటికీ బెజ్జాలు వేశాను, వేసిన దిమ్మ అక్కడే ఉంది. పైపలక పొడుగు, మధ్యలో దిగుతుందేమో అనిపించింది. కాళ్లకి అడ్డంగా ఒక ఆపు ఉండాలి. ఆ కొలతకి చేవ కర్ర ముక్క షెడ్డులో ఇంకోటి లేదు. దిమ్మ కాళ్ల వాలుకి అతికినట్టు కూర్చుంది. కూర్చోదా మరి, ఆ వాలు వేసింది అదే కదా. తీయకుండా అక్కడే బిగించేశాను.

నాలుగు స్క్రూలు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి ఇంకో ముక్క వేయొచ్చు. పావుగంట పని.

అది కర్రది, మొరటుగా ఉండేది. ఇప్పుడున్నది ఇనుముది. రెండూ ఒకటి కాదు.

జూన్ 11

కర్రదానికీ పది, తొమ్మిదే.

జూన్ 13

లాయరమ్మ మళ్లీ పిలిచింది. పరీక్ష చేసే ఆఫీసరు ఏం అడుగుతాడో ముందే సిద్ధం కావాలంట. "ఈ పని తెలిసిన వాడు ఎవడైనా తేలిగ్గా కనిపెట్టేదే కదా అని అడుగుతాడు. మీరేమంటారు పెద్దాయనా?"

అల్లుడు నా మోకాలు తట్టాడు.

"నాకైతే ముప్పై ఏళ్లు తట్టలేదమ్మా" అన్నాను.

ఆవిడ పెన్ను తీసి రాసుకుంది. "ఇంతకంటే మంచి జవాబు ఇంజనీరు కూడా చెప్పలేడు" అంది. మెట్లు దిగుతూ అల్లుడు నా భుజం మీద చెయ్యేశాడు. ఎప్పుడూ వేయడు.

నేను అబద్ధం చెప్పలేదు. నాకు తట్టలేదు.

వచ్చేముందు ఒకటి అడిగాను. అడగకుండా ఉండాల్సింది. "అమ్మా, ఇలాంటిది ఎక్కడో ఓ మూల పడి ఉందనుకో. ఎవరూ చూడలేదనుకో. అప్పుడు?"

"ఎవరూ చూడాల్సిన పని లేదండీ. నలుగురూ వచ్చే చోట, చూడాలంటే చూసే వీలుగా ఉంటే చాలు. అప్పుడు అది కొత్తది కాదు. ఏం, ఎక్కడైనా ఉందా?"

"మా మావయ్యకి భయాలెక్కువ" అన్నాడు అల్లుడు.

ఈసారి నేను నవ్వలేదు. అయినా అదే జవాబు అయింది.

జూన్ 14

ఇంటావిడ పొద్దున తమ్ముడింటికి వెళ్లొచ్చింది. రెండు వీధుల దూరం. తోడికోడళ్లిద్దరూ రోజు విడిచి రోజు కలుస్తారు. మేం అన్నదమ్ములం మాట్లాడుకుని పదకొండేళ్లు.

"నీ తమ్ముడు కళ్లు చూపించుకున్నాడంట. నూనె కాగితంలోంచి చూసినట్టు కనపడుతున్నాయంట అన్నీ. అయినా ఉలి వదలడు. అచ్చం నువ్వే" అంది.

నేను కాలు చిత్రిక పడుతున్నాను.

"నీకే చెప్పేది. పేటెంట్ సంగతి మీ మరదలికి చెప్పాను. లోపలినుంచి విన్నాడు. మంచిదే, అన్నకి చేతి పని బాగా వచ్చు అన్నాడంట."

"ఇంకేమన్నాడు?"

"ఇంకేమంటాడు. నువ్వు మాట్లాడవు, ఆయన మాట్లాడడు. మీ ఇద్దరి మాటలూ మేం మోసి మోసి మా మెడలు పడిపోతున్నాయి. ఇంతకీ ఏం తగువయ్యా మీది? ఆ చెక్కముక్క కోసమేనా?"

చిత్రిక బిగుసుకుంది. నూనె వేశాను.

చేతి పని బాగా వచ్చు. అంతే అన్నాడు.

జూన్ 17

జేబులో స్క్రూడ్రైవరు పెట్టుకుని వెళ్లాను. సంచిలో చేవ కర్ర ముక్క, కొలత ప్రకారం కోసింది. తెరవగానే వెళితే హాల్లో ఎవరూ ఉండరు.

మోకాళ్ల మీద కూర్చుని బల్ల కిందికి తల పెట్టాను. ఈ వయసులో అది కూడా పెద్ద పనే.

స్క్రూలు లేవు.

చీలలు. కర్ర చీలలు, రెండు పక్కలా ఏటవాలుగా ఎదురెదురు కొట్టి, జిగురు పెట్టి, కోసి నున్న చేశాను. ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. పైకి లాగినా రావు, పక్కకి లాగినా రావు. రంపంతో కోస్తేనే. కోస్తే మధ్య కాళ్లు వదులవుతాయి, బల్ల మళ్లీ బిగించాలి.

స్క్రూలు అని నాకు అంత గట్టిగా ఎలా గుర్తుంది?

తమ్ముడికి కర్రలో ఇనుము దిగడం గిట్టదు. ఇనుము తుప్పు పడితే కర్రని తినేస్తుందంటాడు. వాడి దిమ్మని బిగిస్తూ నేను స్క్రూలు వాడలేకపోయాను కాబోలు. అర్థమయింది ఇప్పుడు. వాడుకోవడం వాడుకున్నాను, మర్యాదగా వాడుకున్నాను.

పదికి పది అంకెలూ కత్తి మొనతో చెక్కి ఉన్నాయి. తమ్ముడు నాలుగుని కుర్చీ తలకిందులు పెట్టినట్టు చెక్కుతాడు.

పుస్తకాలాయన వచ్చాడు. "ఏం పోయింది తాతగారూ?"

"కళ్లద్దాలు."

"ముఖానే ఉన్నాయిగా."

లేవడానికి ఆయనే చెయ్యిచ్చాడు.

జూన్ 18

ఇనుప దిమ్మ మీద నాలుగు చూశాను. నేనూ అలాగే కొట్టాను. తలకిందుల కుర్చీ.

లాయరమ్మ పుస్తకంలో: చీల కొంచెం సన్నం చేశాను. బాగా దిగుతోంది.

జూన్ 20

ఇక్కడ కాకపోతే ఎక్కడ రాస్తాను.

తమ్ముడు ఒకరోజు రెండు రంపాలు ఒకే మేకుకి తగిలించాడు. ఒకటి సన్న పళ్లది, ఒకటి ముతక పళ్లది. కిటికీ వెలుతురు వాటి వెనకనుంచి వస్తోంది. వాడు అన్నం తినడం మానేసి వాటినే చూస్తున్నాడు. "అన్నయ్యా, ఇటు రా. పై రంపాన్ని పిసరు జరిపితే చాలు, పళ్లు కలిసే చోటు ఎంత దూరం జరిగిపోతోందో చూడు" అన్నాడు. నేను చూశాను. నాకు రెండు రంపాలు కనపడ్డాయి. "చల్లారిపోతోంది, తిను" అన్నాను.

నెల తిరక్కుండా దిమ్మ చేశాడు. నా చేతికిచ్చి "నువ్వు చీల దించు ముందు" అన్నాడు. దించాను. టక్కుమంది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

తర్వాత కాలు విరిగింది. ఆస్పత్రికి రోజూ వెళ్లేవాణ్ణి. మంచం మీద పడుకుని గాల్లో వేలితో చిల్లులు లెక్కపెట్టేవాడు. ఇంకోటి ఇనుముతో చేద్దాం అన్నయ్యా అనేవాడు.

రెండు నెలలకి కర్రపట్టుకుని షెడ్డుకొచ్చాడు. రాగానే అల్మారా పై అర వైపు చూశాడు.

"నా దిమ్మేది?"

బల్ల అప్పటికే లైబ్రరీలో ఉంది. చెబితే సరిపోయేది. వాడే నవ్వేవాడేమో. ఇంకోటి చేసేవాడు.

"చూడలేదు" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. ఆ మాట నోట్లోంచి వచ్చేసింది, వచ్చాక వెనక్కి తీసుకునే మాట దొరకలేదు. వాడు షెడ్డంతా వెతికాడు, ఒంటికాలి మీద. చెక్కపొట్టు గుట్ట కూడా తిరగేశాడు. నేనూ వెతికాను. వాడితో పాటు నేనూ వంగి వెతికాను.

అమ్మేశాననుకున్నాడు. లేదా కాల్చేశాననుకున్నాడు. అడగలేదు. నెలాఖరుకి తన ఉలులు తీసుకుని వెళ్లిపోయాడు. ఇంకోటి చేయలేదు. చేయడానికి చేతులాడలేదని మరదలు అందంట.

నేను చేశాను. మూడేళ్ల తర్వాత, గుర్తుపెట్టుకుని. అల్లుడు చూసి ఇది ఎవరి బుర్ర మావయ్యా అన్నాడు.

నాదే అన్నాను.

జూన్ 22

తమ్ముడింటికి వెళ్లాను. చెప్పేద్దామనే. దారంతా మాటలు కూర్చుకున్నాను.

తలుపు మరదలు తీసింది. "బావగారా" అని పక్కకి జరిగి లోపలికి చూసింది. వాడు వాకిట్లోకి వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. ఇద్దరం నిలబడ్డాం.

"సుత్తి ఉందా?" అన్నాను.

నలభై ఏళ్లుగా వడ్రంగం చేసేవాణ్ణి, సుత్తి అడుక్కోవడానికి రెండు వీధులు నడిచి వెళ్లాను. మరదలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు నవ్వలేదు. లోపలికి వెళ్లి తెచ్చి, పిడి నా వైపు ఉండేట్టు పట్టుకుని ఇచ్చాడు.

తెచ్చుకున్నాను. గూట్లో పెట్టాను.

ఇంటావిడ చూసి "మనకి ఉన్న ఐదు చాలవా" అంది.

జూన్ 24

రేపు సంతకం.

జూన్ 25

కాగితం రెండు పేజీలు. లాయరమ్మ ఒక్క వాక్యం చదివి వినిపించింది. దీనికి నిజమైన, మొదటి ఆవిష్కర్తను నేనే, దీని సంగతి ఇంతకుముందు బయట ఎక్కడా లేదు, నాకు తెలిసినంతవరకు. "ఇక్కడ పెట్టండి" అని వేలు చూపించింది.

పెన్ను పట్టుకున్నాను. చెయ్యి లేవలేదు.

"వేలిముద్ర వేస్తారా పోనీ" అంది ఆవిడ, మర్యాదగానే.

"సంతకం వచ్చమ్మా" అన్నాను. "రేపు పెడతాను. ఇవాళ చెయ్యి బాగాలేదు."

కింద బండి దగ్గర అల్లుడు చాలాసేపు తాళం చెవి తిప్పుతూ నిలబడ్డాడు. "మావయ్యా, నేనేమైనా తప్పు చేశానా? మీ పేరే కదా వేస్తున్నాం. నా పేరు ఎక్కడా లేదే."

"లైబ్రరీ దగ్గర ఆపు" అన్నాను.

హాల్లో నలుగురు చదువుకుంటున్నారు. బల్ల చూపించాను. "వంగి చూడు" అన్నాను.

ఉతికిన చొక్కాతో నేల మీద పడుకున్నాడు. ఫోను లైటు వేసుకున్నాడు. నాకు చెప్పులే కనపడుతున్నాయి. చదువుకునేవాళ్లు పేపర్లు దించి మావైపు చూశారు. ఆ చెప్పులు ఎంతసేపు కదలలేదో.

లేచాక వీపుకి దుమ్ము. దులుపుకోలేదు.

"నాలుగు అంకె" అన్నాడు.

"ఊఁ."

"మన దిమ్మ మీదున్నట్టే ఉంది. మీరు చెక్కిందేనా?"

"కాదు. మా తమ్ముడు."

"ఎన్నాళ్లయింది ఇక్కడ?"

"పదకొండేళ్లు."

బల్ల మీద కూర్చున్నాడు, నా పక్కనే. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "రంపంతో కోస్తే ఎంతసేపు?"

జూన్ 26

పొద్దున అల్లుడు షెడ్డులో రంపం వెతికాడు. సన్నటిది, వీపున ఇనుప బిళ్ల ఉన్నది. సంచిలో పెట్టుకున్నాడు. పుస్తకాలాయనతో మాట్లాడాడంట, బల్ల మరమ్మతు ఉచితంగా చేసిస్తామని. ఆయన సంతోషించాడంట.

"మీరు రావద్దు మావయ్యా. మీరు ఏమీ చూడలేదు. నేనే చూసుకుంటాను."

నేను ముందు వెళ్లి కూర్చున్నాను.

సరిగ్గా మధ్యలో కూర్చున్నాను. కింద దిమ్మ ఉన్న చోట. పేపరు తెరిచాను.

అల్లుడు వచ్చాడు. "లేవండి మావయ్యా."

"చదువుతున్నాను."

"పేపరు తలకిందులుగా ఉంది."

సరిచేసుకున్నాను.

పక్కన కూలబడ్డాడు. "నేను ఉద్యోగం వదిలేశాను. మీ అమ్మాయి అందరికీ చెప్పేసింది. మీ మనవరాలు స్కూల్లో కూడా చెప్పింది. దీన్ని ఎవడు చూశాడండీ ఇన్నేళ్లలో? ఎవడూ చూడలేదు. ఒక్క అరగంట. తీసేసి వేరే ముక్క వేస్తాం, బల్ల మళ్లీ గట్టిగా ఉంటుంది. మీ తమ్ముడికి ఇది పోయిందనే తెలుసు. అలాగే ఉండనీయండి."

ప్రతి మాటా నిజమే. నేను పదకొండేళ్లుగా చెప్పుకున్న మాటలే అవి. అల్లుడి నోట్లోంచి వింటుంటే నా గొంతు నాకే వినపడినట్టుంది.

"లేవను" అన్నాను.

"మీరు మాట్లాడాల్సిన రోజు మాట్లాడలేదు. ఇవాళ ఇలా కూర్చుంటే ఏం లాభం?"

కూర్చునే ఉన్నాను. మధ్యాహ్నం మూసేవరకు కూర్చున్నాను. సాయంత్రం తెరిచారు, మళ్లీ కూర్చున్నాను. నడుము పట్టేసింది. అల్లుడు ఎప్పుడు వెళ్లాడో చూడలేదు. రంపం సంచి బల్ల చివర వదిలేసి వెళ్లాడు.

రేపూ కూర్చోవచ్చు. ఎల్లుండి? నేను బతికున్నన్నాళ్లూ వచ్చి బల్ల మీద కూర్చుంటానా?

జూన్ 27

లాయరమ్మ పుస్తకం తీశాను. నంబరు పేజీ, తేదీ వేశాను.

ఈ దిమ్మ లెక్క నాది కాదు. మా తమ్ముడిది. మొదటి దిమ్మ వాడు కర్రతో చేశాడు. అది పదకొండేళ్లుగా లైబ్రరీ హాల్లో గోడవారన బల్ల కింద ఉంది. వంగితే కనపడుతుంది. అక్కడ పెట్టింది నేను. వాడికి తెలీదు.

అంతే రాశాను. కొట్టివేత ఒక్కటీ లేదు.

బస్సెక్కి ఒక్కణ్ణే వెళ్లాను. మూడు అంతస్తులూ ఆగి ఆగి ఎక్కాను. పుస్తకం తెరిచి ఆవిడ ముందు పెట్టి నిలబడ్డాను. కూర్చోమంది. కూర్చోలేదు.

రెండుసార్లు చదివింది. కళ్లజోడు తీసింది.

"తమ్ముడిది అని మాత్రమే అయితే పేరు మార్చి వేసేదాన్ని పెద్దాయనా. బల్లని ఏం చేయను?"

"ఏం చేయొద్దమ్మా."

"ఇది నేను చదివాక ఇక నాకు తెలీదని అనలేను. తెలుసా మీకు?"

"తెలిసే తెచ్చాను."

ఫైలు మూసి తాడు కట్టింది. మెట్ల దాకా వచ్చింది. "ఈ మాట మొదటిరోజే చెప్పి ఉంటే మీ అల్లుడి ఉద్యోగం ఉండేది" అంది. కోపంగా అనలేదు. అందుకే ఇంకా దిగలేదు ఆ మాట.

జూన్ 28

అల్లుడు పాత ఫ్యాక్టరీకి వెళ్లాడంట. గేటు దగ్గర గంటన్నర నిలబడ్డాడంట. రెండు వారాల తర్వాత కనపడమన్నారు. కంపెనీవాళ్లు ఇక రావద్దన్నారు.

అమ్మాయి కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లింది. రోజూ చేతికిచ్చేది.

ఇంటావిడకి అంతా చెప్పాను, మొదటినుంచీ. చెప్పడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆవిడ బియ్యం ఏరుతూ విన్నది. "పదకొండేళ్లు మా ఇద్దరి చేతా వీధులు తిప్పించావు, ఈ పది నిమిషాల కోసం" అంది. చేట పక్కన పెట్టి, చెప్పులేసుకుని వెళ్లింది. ఎక్కడికో నేను అడగలేదు. మరదలికి దిమ్మ సంగతి చెప్పొద్దు, నేనే చెప్పుకుంటాను అని మాత్రం వెనకనుంచి అన్నాను. విందో లేదో.

జూన్ 29

స్నానాలగదిలో ఈల లేదు.

జూన్ 30

పొద్దున లైబ్రరీకి వెళ్లాను. ఇప్పుడు కాపలా అక్కర్లేదు, అయినా వెళ్లాను. ఇంట్లో ఉండలేక. రంపం సంచి ఇంకా బల్ల చివరే ఉంది. పుస్తకాలాయన మరమ్మతు ఎప్పుడు అన్నాడు. ఈ బల్లకి ఏ రోగమూ లేదన్నాను.

మధ్యలో కూర్చున్నాను. పేపరు సరిగ్గానే పట్టుకున్నాను.

పదకొండు గంటలకి గుమ్మం దగ్గర కర్ర చప్పుడైంది. తల ఎత్తకుండానే తెలిసింది. విరిగిన కాలు అప్పట్నుంచీ కొంచెం ఈడుస్తాడు. నా ముందుకొచ్చి నిలబడ్డాడు. కళ్లు చికిలించి నేనేనా అని చూసుకున్నాడు.

"నా సుత్తేది?" అన్నాడు.

అదే గొంతు. అదే నిలబడడం. అల్మారా పై అర వైపు చూసినట్టే చూశాడు నావైపు.

ఇంటావిడ వాడికి ఎంత చెప్పిందో, అసలు చెప్పిందో లేదో తెలీదు. చూడలేదు అనే మాట నాలుక మీదికి తనంతట తనే వచ్చింది, అలవాటున.

"సుత్తి ఇంట్లో గూట్లో ఉంది" అన్నాను. "నీ దిమ్మ దీని కింద ఉంది."

హాల్లో ఎవరో పేజీ తిప్పారు.

కర్ర బల్లకి ఆనించాడు. మెల్లగా ఒక మోకాలు వంచాడు, రెండోది వంగలేదు, పక్కకి చాపి అలాగే నేల మీద ఒరిగాడు. నేను లేవబోతే చెయ్యి ఊపాడు, కూర్చోమని. కూర్చున్నాను. వాడి కళ్లకి అక్కడ ఏమీ కనపడదు. వేళ్లతో చూశాడు. వేళ్లు కర్ర మీద రాసుకుంటున్న చప్పుడు నా తొడల కింద వినపడుతోంది. ఒకటి, రెండు, మూడు. నాలుగు దగ్గర ఆగాయి. మళ్లీ కదిలాయి. తర్వాత చీలల దగ్గర ఆగి, అక్కడే చాలాసేపు ఉన్నాయి. ఒక్కొక్కటే తడిమాడు, కోసి నున్న చేసిన చోట.

"స్క్రూలు కొట్టలేదే" అన్నాడు కిందినుంచి.

"లేదు."

పైకి రావడానికి బల్ల అంచు పట్టుకున్నాడు. ఈసారి నేను చెయ్యిస్తే పట్టుకున్నాడు. నెరిసిన జుట్టు నిండా బూజు. తుడవబోయి ఆగాను.

నిలబడి నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"జరుగు" అన్నాడు.

జరిగాను.